వినోద ఇవ్వనన్న పాలు

వినోద మా ఇంట్లో మూడేళ్ళు పనిచేసింది. ఆ మూడేళ్ళూ ఆమె టీ తాగడానికి నేను కేటాయించిన గ్లాసు ఒకటే. అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు, పెరట్లో బట్టలుతికే గట్టు మీద బోర్లించి ఉండేది. పొరపాటున దాన్ని వంటింటి సింకులో పెడితే నాకు ఒళ్ళు మండేది. అలాంటి నేనే ఒకరోజు మా మనవరాలిని చంకనేసుకుపోయి, దీనికి నీ పాలు పట్టమని వినోద ముందు కూర్చున్నాను. తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. వినోద గురించి చెప్పాలంటే ఈ రోత ముందు చెప్పక తప్పదు.

నా పేరు పార్వతీదేవి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. మా ఆయన బుల్లిబాబుగారు బ్యాంకులో రిటైరయ్యాక సిటీ శివార్లలో షామీర్‌పేట రోడ్డు మీద కొత్త కాలనీలో ఇల్లు కొన్నాం. కాలనీలో సగం మంది మా కోస్తావాళ్ళే. ఒకరింట్లో పులిహోర తాలింపు వేస్తే నలుగురిళ్ళల్లో తుమ్ములొచ్చేంత దగ్గర. మాటలు కూడా అంతే జోరుగా పాకుతాయి. మా అందరిళ్ళల్లో అంట్లు తోమడానికీ ఇళ్ళు తుడవడానికీ మాత్రం పక్క ఊరు అలియాబాద్ నుంచి మనుషులు రావాలి. వినోద అలా వచ్చింది.

అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. సన్నగా, చురుగ్గా ఉండేది. నోరు మాత్రం తక్కువది కాదు. "మూలలు తుడవవేమే" అని నేను సణిగితే, "గిన్ని మూలలు నేను గట్టిచ్చిన్నా అమ్మ?" అని నవ్వుతూ వంగి తుడిచేది. నాకు కోపం రాబోయి నవ్వొచ్చేది. పని శుభ్రం. చేతివాటం లేదు. ఒక్కటే నాకు నచ్చేది కాదు, నెలకోసారి తప్పకుండా నాగా పెట్టేది. ఎందుకంటే రావల్కోల్‌లో తల్లిని చూడ్డానికి అనేది. నెల తిరిగేసరికి తల్లి మీద అంత ప్రేమ ఎక్కడినించి పుట్టుకొస్తుందే నీకు అని ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆమె వెళ్ళేది తల్లి దగ్గరికి కాదు. కొంత ఆమె నోటా, కొంత వాళ్ళ ఊరివాళ్ళ నోటా నాకు చాలా తర్వాత తెలిసిన సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను, దాచి ఊరించడానికి ఇదేం పొడుపుకథ కాదు. మా ఇంట్లో పనికి చేరడానికి ఏడాది ముందే వినోదకూ ఆమె భర్త బాలేష్‌కూ హెచ్ఐవి ఉందని తేలింది. బాలేష్ మేడ్చల్‌లో కోళ్ళ దాణా గోడౌన్‌లో బస్తాలు మోసేవాడు. దగ్గు నెలల తరబడి తగ్గకపోతే పరీక్షలు చేశారు, టీబీతో పాటు ఇదీ బయటపడింది. దగ్గర్లో మందులు తీసుకుంటే ఎవరైనా చూస్తారని ఇద్దరూ సిటీలో పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు. నెలకోసారి నాగా అందుకు. రోజుకో మాత్ర. మా ఇంట్లో పొద్దున తొమ్మిదింటికి టీతో పాటు ఆమె ఒక మాత్ర వేసుకోవడం నేను కళ్ళారా చూశాను. రక్తం తక్కువుందట, రక్తం గోళీ అని చెప్పింది. నేను నమ్మాను.

ఈ సంగతి అత్త సుక్కమ్మకు చెప్పలేదు. సుక్కమ్మకు మాత్రం ఒకటే బాధ, పెళ్ళయి ఆరేళ్ళయినా కోడలి కడుపు పండలేదని. వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు వినబడేలా గొడ్రాలని తిట్టేదట. వినోద పళ్ళబిగువున భరించింది. ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసే ఆమెను ఒకటే అడుగుతూ వచ్చింది, నేను పిల్లను కనొచ్చా అని. మందులు మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంత తక్కువకు దిగితే నిక్షేపంగా కనొచ్చు, బిడ్డకు సోకకుండా చూసుకోవచ్చు అని వాళ్ళు చెప్పారు. రెండేళ్ళు ఒక్క మాత్ర తప్పకుండా వేసుకుంది. పరీక్షలో వైరస్ కనబడడం లేదని చెప్పాకే ధైర్యం చేసింది.

కడుపుతో ఉన్నప్పుడు ఆమె తిండి చూడాలి. గుడ్డు, ఆకుకూర, పల్లీలు, అంగన్‌వాడీలో ఇచ్చిన పాలు, ఏదీ వదిలేది కాదు. నేను పెట్టిన నిన్నటి ఇడ్లీలు మాత్రం మొహమాటం లేకుండా వద్దనేది. తిండియావ పట్టుకుందని నేను ఎగతాళి చేశాను. ఎనిమిదో నెల దాకా పనికొచ్చి, తర్వాత సర్కారు ఆసుపత్రిలో మామూలు కాన్పులో మూడు కిలోల మగపిల్లాణ్ణి కన్నది. పేరు పెట్టకముందే చింటు అని పిలుచుకున్నారు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళ చుక్క కూడా పట్టొద్దని, తన మాత్ర మానొద్దని, జబ్బు సోకకుండా పిల్లాడికి రోజూ ఒక సిరప్ పొయ్యాలని డాక్టర్లు చెప్పి పంపారు. అత్త వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తానంటే వినోద గోల చేసి ఆపించిందట. సిరప్ ఏమిటంటే బలం మందని చెప్పింది. ఒక్కమాట పొక్కితే అత్త ఇల్లు, నాలుగిళ్ళ పని, పిల్లాడికి ఊళ్ళో మర్యాద అన్నీ పోతాయని ఆమెకు తెలుసు.

చింటు పుట్టిన తొమ్మిది రోజులకు మా అమ్మాయి లిఖితకు కార్పొరేట్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పురిటికి మా ఇంటికే వచ్చింది. పాప పేరు ఇషిత. లిఖితకు పాలు సరిగ్గా పడలేదు. పిల్ల చీకుతుంది, ఏడుస్తుంది, మళ్ళీ చీకుతుంది. పిల్లల డాక్టరు చూసి, అలవాటు చేస్తూ ఉండండి, పాలొస్తాయి, ఈలోపు డబ్బా పాలు కలిపి పట్టండి, భయమేం లేదు అన్నాడు. లిఖిత సరేనంది. నాకే మింగుడు పడలేదు. డబ్బా పాలు తాగితే పిల్ల పిండిబొమ్మలా తయారవుతుందని నా మూఢత్వం. మా ఊళ్ళో ఒకరి పిల్లకు ఒకరు పాలిచ్చుకోవడం మామూలు. మా అమ్మకు జబ్బు చేస్తే నేను మా పిన్ని పాలు తాగి పెరిగాను. ఆ గొప్పంతా ఇప్పుడు నెత్తికెక్కింది. అప్పుడు వినోద గుర్తొచ్చింది.

ఎంత చక్కటి మనిషినో చూడండి. ఆమె ఎంగిలి గ్లాసు నా సింకులోకి రాకూడదు. ఆమె పాలు మాత్రం నా మనవరాలి నోట్లోకి పోవచ్చు. అందులో వంకర నాకు ఆ రోజు ఒక్క క్షణం కూడా తట్టలేదు. పైగా పెద్ద మనసు చేసుకుంటున్నాననుకున్నాను. ఛీ.

ఫోన్ చేసి అడిగాను. రోజుకు రెండుసార్లు ఆటోలో వచ్చి పట్టి వెళ్ళు, నీకు కొత్త చీర పెడతాను అన్నాను.  వినోద తన పిల్లాడికే పాలు చాలడం లేదని చెప్పింది. సరే పోనీ అనుకున్నాను. రెండు రోజుల తర్వాత కూరగాయల బండి దగ్గర సుక్కమ్మ కనబడింది. మనవడి ముచ్చట్లు చెబుతూ, కోడలికి పాలు మస్తు పడ్డాయని, రొమ్ములు సలుపుతుంటే పిండి పారబోస్తోందని మురిసిపోయింది.

ఇంక నా కోపం చూడాలి. పారబోస్తుందట గాని నా మనవరాలికి పట్టదట! మూడేళ్ళు మా ఉప్పు తిన్న మనిషి! ఆ సాయంత్రమే కాలనీ అంతా టముకు వేశాను. ఎదురింటి హర్షిత ముక్కు మీద వేలేసుకుంది. వినోద పనిచేసే మిగతా ఇళ్ళవాళ్ళూ కలిసి, ఇలాంటి పాపిష్టి మనిషి మళ్ళీ మనకొద్దని తేల్చేశారు. పచ్చి బాలింత, ఇంట్లో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, ఇక్కడ మేము ఆమె బతుకుతెరువు టీ తాగుతూ తీసేశాం. నాకు అప్పుడు ఎంత తృప్తిగా ఉందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

అంతటితో ఆగినా పోయేది. ఇరవై ఒకటో రోజు ఉయ్యాల వేడుక అయ్యింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం లిఖిత నిద్రపోతుంటే పాప గుక్కపట్టి ఏడ్చింది. డబ్బా పాలు కలపడానికి నాకు చేతులు రాలేదు. ఎదురుగా పెట్టి అడిగితే ఎలా కాదంటుందో చూస్తానని, పాపను పొత్తిగుడ్డల్లో చుట్టి కారెక్కాను. మా ఆయన వద్దు వద్దంటూనే బండి తీశారు. ఆయన ఎప్పుడూ అంతే, నోటితో వద్దంటారు, చేత్తో నడుపుతారు. అలియాబాద్‌లో వినోదవాళ్ళ ఇంటి ముందు ఆయన కారులోనే కూర్చున్నారు. నేను పాపను తీసుకుని లోపలికి పోయాను.

సుక్కమ్మ ఎదురొచ్చి నులకమంచం వాల్చింది. సంగతి చెప్పగానే ఆమె మొహం చేటంతైంది. తమ ఇంటి పాలు అడగడానికి కారేసుకుని వచ్చారంటే ఆమెకు అంతకంటే గౌరవం లేదు. లోపలికి తిరిగి కోడల్ని పిలిచింది. వినోద వచ్చి గడపలో నిలబడింది. నన్ను చూసింది, పాపను చూసింది, మొహం పాలిపోయింది. ఇయ్యనమ్మా అని నెమ్మదిగా అంది.

సుక్కమ్మకు తల కొట్టేసినట్టయింది.

"ఆకలైన పోరికి పాలియ్యనంటే నీ పాలు ఎండిపోతయే పాపపుదాన. కూసో, ఇయ్యి" అని కోడలి భుజం పట్టి కూర్చోబెట్టింది. నా చేతుల్లోంచి పాపను తీసుకుని వినోద ఒళ్ళో వేసింది.

పాల వాసన తగిలిందేమో, పాప తల అటు తిప్పి నోటితో వెతకడం మొదలుపెట్టింది. వినోద జాకెట్ ముందు భాగమంతా పాలతో తడిసిపోయింది. ఆమె పాపను రెండు చేతులా పట్టుకుని, ఒంటికి ఆనకుండా దూరంగా ఎత్తిపట్టింది.  ఒకపక్క అత్త తిడుతోంది. ఇంకోపక్క నేను, చదువుకున్న ముండని, నీ పాలలో ముత్యాలున్నాయా, పారబోయడానికి పనికొస్తాయి గాని నా మనవరాలికి పనికిరావా అని నోటికొచ్చినట్టు అంటున్నాను. పాప ఏడుస్తూనే ఉంది. సుక్కమ్మ వంగి కోడలి జాకెట్ హుక్కుల మీద చెయ్యి వేసింది.

వినోద ఆ చెయ్యి తోసేసి లేచి, పాపతో సహా లోపలి గదిలోకి నడిచింది. నన్నొక్కదాన్నే రమ్మంది. నేను వెళ్ళాక తలుపు దగ్గరికేసింది. గొంతు తగ్గించి, నా కళ్ళల్లోకి చూస్తూ చెప్పింది.

"నా పాలు పాపకు తాపొద్దమ్మ. నాకు హెచ్ఐవి ఉంది. నాలుగేండ్ల సంది గోళీలు మింగుతున్న. నా కొడుక్కు దినాం మందు పోస్తున్న, ఆస్పత్రోళ్ళు జూస్తున్నరు. పాపకు గా మందు లేదు గద. మా అత్తకు ఎర్క లేదు. ఎవ్వలికి ఎర్క లేదు. జల్ది తీస్కపోండ్రి."

పాపను నా చేతుల్లో పెట్టింది. అక్కడ గుడ్డ ఉయ్యాలలో చింటు నిద్రపోతున్నాడు. బుగ్గలు నిండుగా, నల్లగా నిగనిగలాడుతూ. నేను వాణ్ణి చూసి ఒక అడుగు వెనక్కి వేశాను.  కనీసం 'అయ్యో తల్లీ' అనలేదు. పాపను గుండెకు హత్తుకుని బయటికి పరిగెత్తాను. సుక్కమ్మ ఏమైందని అరుస్తున్నా వెనక్కి తిరగలేదు.

కారులో కూర్చుని నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? తడి కాగితాలు తీసి, వినోద చేతులు తగిలిన చోటల్లా పాపను తుడిచాను. మా ఆయనకు చెప్పాను. ఆయన స్టీరింగ్ మీద చేతులు బిగించి నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికే పోనిచ్చారు. పాపకు పరీక్ష చెయ్యమని నేను ఏడ్చాను. ఆ డాక్టరు నన్ను కూర్చోబెట్టి నాలుగు చివాట్లు పెట్టాడు. ఎత్తుకుంటే రాదు, ముట్టుకుంటే రాదు, ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే రాదు అన్నాడు. ఇంకొకరి పాలు అడగడమే నా బుద్ధితక్కువతనం అన్నాడు. ఇవ్వకుండా కాపాడింది ఆమె, ఇప్పించబోయింది మీరు అన్నాడు. అంతా విన్నాను. అర్థం కూడా అయింది. ఇంటికొచ్చి ఆ సొట్ట గ్లాసు చెత్తబుట్టలో పారేసి, తలస్నానం చేశాను. అర్థమైన తర్వాత కూడా చేశాను.

లిఖితకు చెప్పాల్సొచ్చింది, పిల్లను అడక్కుండా ఎత్తుకుపోయినందుకు నన్ను కడిగేసింది. అక్కడితో నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ మర్నాడు హర్షిత వచ్చి, ఏంటి ఆంటీ, వినోద ఇంటికి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారట అని ఒక నవ్వు నవ్వింది. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను. పనిమనిషి నన్ను గడపలోంచి తిప్పి పంపిందని నలుగురూ అనుకోవడం నాకు చిన్నతనమైంది. ఎవరితోనూ అనకమ్మా అని చెప్పి, అసలు సంగతి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. అది నవ్వుకునే గుణం అనుకునేదాన్ని అన్నాళ్ళూ. హర్షిత ఇంట్లో అంట్లు తోమే ఆవిడదీ అలియాబాదే.

మూడో రోజుకు మా కాలనీలో ఆడవాళ్ళు తమ ఇళ్ళల్లో వినోద ముట్టుకున్న గిన్నెలు ఏరి బయట పడేస్తున్నారు. చెప్పులు, పాత దుప్పట్లు, ఒకావిడ ఏకంగా చీపుర్లు తగలబెట్టింది. డిగ్రీలు చదివినవాళ్ళు, పిల్లల్ని డాక్టర్లను చేయాలని చూస్తున్నవాళ్ళు! నేను కిటికీలోంచి ఆ పొగ చూశాను. డాక్టరు చెప్పిన నాలుగు ముక్కలూ బయటికొచ్చి చెప్పి ఉంటే ఆగేది. చెప్పలేదు. తర్వాత తెలిసింది, వినోద, బాలేష్ పిల్లాణ్ణి తీసుకుని ఊరు వదిలి వెళ్ళిపోయారని. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

ఏడాదిన్నర గడిచింది. లిఖితకు పాలు తర్వాత బాగానే పడ్డాయి, ఇషిత డబ్బా పాలూ తల్లి పాలూ తాగి గుండ్రాయిలా పెరిగింది. నాకు మాత్రం ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా వినోద దాన్ని ఒంటికి ఆనకుండా దూరంగా ఎత్తిపట్టుకోవడమే కనబడేది. మొన్న మేడ్చల్ వైపు మొక్కలు కొందామని ఒక నర్సరీలో దిగాం. అక్కడ గులాబీ తొట్లకు పైపుతో నీళ్ళు పడుతూ వినోద ఉంది. కొంచెం ఒళ్ళు చేసింది. ఆమె చుట్టూ మట్టికాళ్ళతో ఒక మగపిల్లాడు పరుగెడుతున్నాడు.

నేను దగ్గరికి పోయాను. ఏం మాట్లాడాలో తెలియక పిల్లాడెలా ఉన్నాడని అడిగాను. పద్దెనిమిది నెలల పరీక్ష పోయిన వారమే అయిందని, వాడికి ఏమీ లేదని తేల్చారని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె మొహం పాతరోజుల్లోలా వెలిగింది. మందులు వేసుకుంటూనే ఉన్నారట ఇద్దరూ. సుక్కమ్మ మొదట్లో శాపనార్థాలు పెట్టి, ఇప్పుడు మనవడి కోసం నెలకోసారి వచ్చిపోతోందట.

నాకు ఏడుపాగలేదు. తప్పయిపోయిందే వినోదా అన్నాను. నువ్వు నన్ను నమ్మి చెప్పావు, నేను నీ నమ్మకం నిలబెట్టుకోలేదు, నావల్లే నువ్వు ఊరు వదలాల్సొచ్చింది అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. ఆమె పైపు పక్కన పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. కోపంగా లేదు. అసహ్యంగా కూడా చూడలేదు, చూసుంటే నాకు బాగుండేది.

"నమ్మి జెప్పలేదమ్మ. పాప ఆకలికి ఏడుస్తుండె, జెప్పకుంటే మీరు ఇడవకపోదురు, గందుకే జెప్పిన. మీరు నలుగురికి జెప్తరని నాకు ఎర్కనే. మీ కారు మూల తిరగంగనే నేను సామాను మూట గట్టుడు షురూ జేసిన."